సవరణ: నీళ్ల బాటిళ్లు, ఉద్దానం కిడ్నీ జబ్బులు

"ఎండలో పెట్టిన నీళ్ల బాటిల్‌లోంచి బిస్ఫినాల్‌-ఎ దిగుతుంది, ఉద్దానంలో కిడ్నీ జబ్బులకు అదే కారణం" అని ఇంతకుముందు పోస్టులో ఉన్న వాక్యాన్ని తీసేశాం. బిస్ఫినాల్-ఎ అంటే కొన్ని ప్లాస్టిక్‌ల తయారీలో వాడే రసాయనం. ఆ వాక్యంలో రెండు ముక్కలూ నిలబడవు.

శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో కొనే లీటరు బాటిల్ పెట్ ప్లాస్టిక్. త్రికోణంలో 1 అని గుర్తు ఉంటుంది. దాని తయారీలో బిస్ఫినాల్‌-ఎ వాడరు. వేడికి అందులోంచి దిగేవాటిలో ఒకటి యాంటిమొనీ అనే లోహంలాంటి పదార్థం. అదీ మామూలుగా చాలా కొంచెం. 60 డిగ్రీలు, ఆపైన వేడిలో రోజుల తరబడి ఉంటే పెరుగుతుంది. అలాగని కారు డాష్‌బోర్డు మీద కాగిన నీళ్లు తాగమని కాదు లెండి.

బిస్ఫినాల్‌-ఎ ఉండేది పాలికార్బనేట్ అనే ప్లాస్టిక్‌లో. గాజులా గట్టిగా ఉండే కొన్ని 20 లీటర్ల క్యాన్లు దాంతోనే చేస్తారు. కొన్ని రేకు డబ్బాల లోపలి పూతలోనూ ఉంటుంది. ఒంట్లో ఈస్ట్రోజన్ హార్మోన్‌లా పనిచేయగలదు కాబట్టే భయం. రోజుకు ఎంతవరకు ఫర్వాలేదన్న పరిమితిని 2023లో యూరప్ ఆహార భద్రతా సంస్థ ఏకంగా 20 వేల రెట్లు తగ్గించింది.

ఇక ఉద్దానం. కవిటి, సోంపేట వైపు ఈ జబ్బుకు కారణం ఇదీ అని శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు. బాటిళ్లకు ముడిపెట్టే ఆధారమైతే లేదు. డయాలసిస్‌కు తిరుగుతున్న ఇళ్లకు ఇంకో టెన్షన్ ఎందుకు?

పాత పోస్టులో చెప్పిన, వేడి టీ, సాంబారు పల్చటి కవర్లలో పార్సిల్ కట్టించుకోవద్దన్న మాట మాత్రం మార్చలేదు. వేడి, నూనె తగిలితే ప్లాస్టిక్‌లోని రసాయనాలు ఎక్కువగా దిగుతాయి. స్టీలు క్యారేజీ పట్టుకెళ్లండి.