ఆ ఇత్తడి బిళ్ళ టిప్పు గుర్రానిది కాదు

బెంగళూరు తెలుగువారి వాట్సాప్ బృందాల్లో ఒక ఫొటో తెగ తిరుగుతోంది. అవెన్యూ రోడ్డు ఆదివారం సంతలో దొరికిందంటున్న, గుర్రపు కళ్ళేనికి బిగించే గుండ్రటి ఇత్తడి బిళ్ళ అది. మీద కిరీటం, దాని కింద అడ్డంగా రెండు బల్లేలు, నడుమ 28 అంకె. వెనుక బాణం గుర్తు. ‘1799లో శ్రీరంగపట్టణంలో టిప్పు సుల్తాన్ గుర్రానిది. కిరీటం మైసూరుది, బాణం ఆయన రాకెట్టు, చిలుము రెండు వందల ఏళ్ల వయసుకు సాక్ష్యం’ అని వ్యాఖ్య. ఇందులో ఏదీ నిలవదు.

ఫొటోను పెద్దది చేసి కిరీటం చూడండి. కొసన చిన్న శిలువ ఉంది. టిప్పు తన సామగ్రి మీద వేయించుకున్నది పులిచారల గుర్తు, అరబ్బీ, పారసీ రాతలు. బ్రిటిష్ రాజముద్ర మీది శిలువకు అక్కడ చోటెక్కడిది? పైగా ఈ కిరీటం కమానులు నడిమిన కుంగకుండా గుండ్రంగా పైకి లేచాయి. బ్రిటిష్ సైన్యపు చిహ్నాల్లో ఈ రూపం 1901 నుంచి 1952 దాకా నడిచింది. 1953 నుంచి 2022 దాకా వాడిన కిరీటంలో కమానులు నడుమ కాస్త లోపలికి వంగుతాయి.

బాణానిది ఇంకా సులువు. మూడు గీతలు ఒక మొన దగ్గర కలిసే ఈ ముద్రను బ్రిటిష్ ప్రభుత్వం తన సరుకు మీద శతాబ్దాలుగా కొట్టింది. దాని కింద ఇంగ్లిష్ ‘ఐ’ అక్షరం ఉంటే భారత సైన్యపు సరుకని అర్థం. ఫొటోలో ఆ అక్షరం స్పష్టంగానే ఉంది. టిప్పు రాకెట్టు వెదురు బొంగుకు కట్టిన ఇనుప గొట్టం. ఈ ముద్రతో దానికి పోలికే లేదు.

అసలు సంగతి ఆ 28లో ఉంది. 1903లో భారత సైన్యాన్ని పునర్వ్యవస్థీకరించినప్పుడు మద్రాసు అశ్విక దళాలకు కొత్త సంఖ్యలు వచ్చాయి. మొదటిది 26, రెండోది 27, మూడోది 28 అయ్యాయి. 1922లో ఆ 28వ దళం 7వ లైట్ కావల్రీగా మారింది. బల్లేలు, 28, ఆ కిరీటం ఒకే బిళ్ళ మీద కనబడితే 1903–1922 నడుమ మద్రాసు దళమే గుర్తుకు రావాలి. శ్రీరంగపట్టణం మీదికి ఈస్టిండియా కంపెనీ తరఫున వచ్చిన సైన్యంలో ఈ మద్రాసు అశ్విక దళాలూ ఉన్నాయి. ముట్టడి వేసినవారి వారసుల బిళ్ళను టిప్పు గుర్రానికి తగిలించడం నాకు చాలా బాధ కలిగించే విషయం. ఆ రౌతుల చరిత్ర మనకే తెలియకుండా పోతోంది.

చిలుము వయసు చెప్పదు. అమోనియా ఆవిరి తగిలితే కొద్ది రోజుల్లోనే ఇత్తడికి ఆకుపచ్చ చిలుము పడుతుంది. నిత్యం తోమి మెరిపించిన సైనిక బిళ్ళ మీద ముందు అరిగేది ఎత్తుగా ఉన్న శిలువ, బల్లేల మొనలు. పచ్చదనం మిగిలితే గుంటల్లో మిగలాలి. ఇక్కడ అది మొనల మీద కూడా సమంగా పరుచుకుంది. అందుకే పాత బిళ్ళ నుంచి అచ్చు తీసి పోసిన నకలేమో అన్న అనుమానం కూడా నాకుంది. అలాంటి నకళ్లలో అక్షరాల అంచులు మొద్దుబారతాయి.

ఆ బిళ్ళ ఎవరి దగ్గరుందో వారు వెనుక భాగాన్ని, పట్టీకి బిగించే కాడల మొదళ్లను పగటి వెలుతురులో దగ్గరగా ఫొటో తీసి పెట్టండి. తోలు పట్టీ ఉంటే దాని మీద తయారీదారు ముద్ర, సంవత్సరం వెతకండి. దయచేసి అంతవరకు నిమ్మకాయతో తోమకండి.