‘ఆడదైతే వద్దండి’: డెల్టాలో కుక్కల దత్తత ఎక్కడ ఆగిపోతోంది?

కుక్కపిల్ల కావాలనేవాళ్లకు గోదావరి జిల్లాల్లో కొదవేమీ లేదు. అమలాపురం వైపో, పాలకొల్లు వైపో కుక్కల్ని కాపాడే కుర్రాళ్లు వాట్సాప్‌లో ఒక ఫొటో పెడితే చాలు, ‘మాకు కావాలండి’ అంటూ మెసేజ్‌లు వచ్చేస్తాయి. తేడా కొట్టేది రెండో మెసేజ్ దగ్గర. ‘మగదేనా అండి?’ అని అడుగుతారు. కాదు, ఆడది అంటే చాలామంది మళ్లీ పలకరు. మర్యాదస్తులైతే ‘ఆడదైతే వద్దండి, పిల్లల్ని పెడుతుంది’ అని చెప్పి ఊరుకుంటారు.

నన్నడిగితే డెల్టాలో వదిలేసిన కుక్కల గొడవంతా ఈ ఒక్క జవాబులోనే ఉంది. రోడ్డున పడ్డ ప్రాణిని తెచ్చి, సొంత డబ్బుతో వైద్యం చేయించి, దానికో ఇల్లు వెతికే వాళ్లంటే నాకు గౌరవమే. కానీ ఎన్నింటిని ఇళ్లకు చేర్చారన్నది అసలు లెక్క కాదు, ఎన్ని ఆడకుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించారన్నదే లెక్క. ఆపరేషన్ లేకుండా ఇచ్చేసిన ఆడ కుక్కపిల్ల ఏడాది తిరిగేసరికి తల్లవుతుంది. దాని పిల్లల్లో మగవాటిని ఎవరో ఒకరు పట్టుకుపోతారు. మిగిలినవాటిని గోనెసంచిలో వేసి పక్క ఊరి కాలవగట్టు మీద దింపేస్తారు. దింపినవాడికి పాపభయం కూడా ఉంటుంది. అందుకే చేపల మార్కెట్‌కో చికెన్ కొట్టుకో దగ్గరగా వదులుతాడు, ఏదో ఒకటి తిని బతుకుతాయని.

వదిలేసేవాళ్లంతా కర్కోటకులేం కాదు. కోనసీమ ఇళ్లలో చాలావాటికి సంపాదన గల్ఫ్ నుంచో హైదరాబాద్ నుంచో వస్తుంది. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు తోడుగా ఉంటుందని పిల్లలు ఒక లాబ్రడార్‌ను కొనిచ్చి వెళ్తారు. తండ్రి పోతాడు, తల్లిని కొడుకు తనతో తీసుకెళ్తాడు, అపార్ట్‌మెంట్‌లో కుక్కకు చోటుండదు. ఇంటికి తాళం పడ్డాక అది గేటు ముందే పడుకుని ఉంటుంది. ఊరకుక్కల మధ్య నెగ్గుకురావడం దానికి తెలియదు. భీమవరం, ముమ్మిడివరం వైపు ఆక్వా చెరువులది ఇంకో కథ. కాపలాకు రెండు మూడు కుక్కల్ని పెంచుతారు. లీజు అయిపోతే ఏరియేటర్లు, మోటార్లు, వలలు లారీ ఎక్కుతాయి, కుక్కలు గట్టు మీదే మిగిలిపోతాయి. అలా ఆకలితో తిరిగేవాటిని కోళ్ల ఫారాల నుంచి కాలవల వెంట పడేసే చచ్చిన కోళ్లు పోషిస్తున్నాయి. 2025 ఫిబ్రవరిలో తణుకు ప్రాంతంలో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడైనా ఆ అలవాటు మానాల్సింది.

ఆడకుక్కకు ఆపరేషన్ ఎప్పుడు చేయించాలన్నదాన్ని మన వాళ్లు అంతగా పట్టించుకోరు. చిత్త కార్తె అనగానే మనకు గుర్తొచ్చేది కుక్కలే. అక్టోబరు రెండో వారంలో మొదలయ్యే ఆ కార్తెకు అటూ ఇటూగా కుక్కలు ఎక్కువగా ఎదకొస్తాయి. చూలు సుమారు 63 రోజులు. అంటే ధనుర్మాసంలో ఈనతాయి, సంక్రాంతికి పిల్లలు కళ్లు తెరిచి తిరుగుతుంటాయి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో పాలు మానగానే సంచుల్లోకి ఎక్కుతాయి. వాటిలో ఆడ కుక్కపిల్లలకు ఆరు నెలలు నిండేది జూన్‌లో. వాటిలో చాలావాటికి అదే ఏడాది చిత్త కార్తెకు ఎద వస్తుంది. కాబట్టి ఆపరేషన్లు అక్టోబరు లోపల అయిపోవాలి. తీరా చూస్తే జులై నుంచి సెప్టెంబరు దాకా మనకు వానలు, వరదలు. గోదావరి మధ్యనుండే లంకల్లో అయితే మరీ కష్టం. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరదలో మనుషులకే పడవలు చాలలేదు.

ఆపరేషన్ బల్ల మీద జరిగేది కాసేపే. తర్వాతి పది రోజులే అసలు టెన్షన్. కుట్లు నాకకుండా, ప్లాస్టిక్ బకెట్ అడుగు కోసి, అంచుకు గుడ్డ చుట్టి కుక్క మెడకు తగిలిస్తారు. కొబ్బరికాయలు రాశి పోసే షెడ్డులో ఒక మూల గోనెలు పరిచి కట్టేస్తారు. పొడిగా ఉన్న రోజుల్లో ఇది చాలు. ముసురు పట్టిందా, నేల చెమ్మెక్కుతుంది, గాయం మీద ఈగ వాలుతుంది, రెండు రోజులు చూడకపోతే పురుగులు పడతాయి. అందుకే కాలవలు కట్టేసి, దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక ఉండే ఏప్రిల్, మే నెలల్లో పెద్ద కుక్కల పని, జూన్ మొదట్లో ఆ ఏటి పిల్లల పని పూర్తి చేసుకోవాలి. ఎండలు ముదురుతాయి కాబట్టి తెల్లవారుజామునే మొదలుపెట్టుకోవాలి, తప్పదు.

మరి చేసేదెవరు? 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు వీధికుక్కలకు ఆపరేషన్లు, టీకాల బాధ్యతను స్థానిక సంస్థల మీద పెట్టాయి. పంచాయతీ కూడా స్థానిక సంస్థే. కానీ జంతు సంక్షేమ బోర్డు గుర్తింపు, షెడ్లు, ఆపరేషన్ థియేటర్, పట్టే మనుషులు ఇవన్నీ ఉండాలంటే ఏ చిన్న పంచాయతీ వల్ల అవుతుంది? మండలంలోని పశువుల డాక్టరుకు గేదెల ఈతలు, చూడి పరీక్షలతోనే రోజు గడిచిపోతుంది. హైదరాబాద్‌కు 1992 నుంచి బ్లూ క్రాస్ ఉంది, విశాఖకూ పాత సంస్థ ఉంది. రాజోలు కుర్రాడికి ఉన్నది ఒక బైకు, వెనక కూర్చుని కుక్కను పట్టుకునే స్నేహితుడు.

చట్టం భయం సంగతి చెప్పాలంటే నవ్వొస్తుంది. పెంపుడు జంతువును ఆకలిదప్పులకు వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరమే. మొదటిసారి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. టిఫిన్ బండి దగ్గర అంతకన్నా ఎక్కువే అవుతుంది. చంపితే మాత్రం భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా జైలు పడొచ్చు. అయినా ఆ దారి పట్టేవాళ్లు లేకపోలేదు. డెల్టా కాదు, మెట్టలోని లింగపాలెంలో 2021లో వీధికుక్కలకు విషపు ఇంజెక్షన్లు ఇచ్చి చంపారన్న ఫిర్యాదు పోలీసుల దాకా వెళ్లింది.

కుక్కలంటే భయపడేవాళ్లను తిట్టిపోసే అలవాటు మాత్రం కాపాడేవాళ్లు మానుకోవాలి. పిల్లాణ్ని కరిచాక ఆసుపత్రి చుట్టూ తిరిగిన తల్లికి జీవకారుణ్యం గురించి ఉపన్యాసం ఇస్తే ఒళ్లు మండదా? ఆమెకు చెప్పాల్సింది వేరే ఉంది. ఒక ప్రాంతంలో 70 శాతం కుక్కలకు టీకా వేస్తే ర్యాబీస్ వ్యాప్తి తెగిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఏటా జులై 6న పశువుల ఆసుపత్రుల్లో ఆ టీకా ఉచితంగా వేస్తారు. ఆ రోజు వీధికుక్కల్ని పట్టుకొచ్చి వరసలో నిలబెట్టే పని ఈ కుర్రాళ్లు తప్ప ఇంకెవరూ చేయరు.

దత్తత ఇచ్చేటప్పుడు మొహమాటం కూడా పనికిరాదు. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు వీధికుక్కల్ని దత్తత తీసుకునేవాళ్ల గురించి చెబుతూ, అవి మళ్లీ వీధిలోకి రాకుండా చూసే బాధ్యత వాళ్లదేనంది. ఆ మాట కాగితం మీద రాయించుకోవాలి, ఆరో నెలలో ఫోన్ చేసి కుక్కను ఆపరేషన్‌కు పంపించమని అడగాలి. కాపలాకు ఆడకుక్కను తీసుకోమని చెరువు యజమానులతో వాళ్ల భాషలోనే మాట్లాడొచ్చు. మగకుక్క చిత్త కార్తెలో కాపలా వదిలేసి ఎక్కడెక్కడో తిరిగి, కొట్లాడి, ఒళ్లంతా గాయాలతో వస్తుంది. ఆపరేషన్ అయిన ఆడకుక్క గట్టు దాటి పోయే అవసరం తక్కువ. మొరగడంలో అది దేనికీ తీసిపోదు.

ఇక డబ్బు. నాలుగైదు మండలాలకు కలిపి వేసవిలో ఒక శిబిరం, గుర్తింపు ఉన్న సంస్థతో ఒప్పందం, కుక్కలు పది రోజులు ఉండటానికి ఒక పొడి షెడ్డు కావాలి. మార్కెట్ యార్డు గోడౌన్ అయినా సరిపోతుంది. ఖర్చు పంచాయతీలు పంచుకుంటే ఒక్కోదానికి భారం కాదు. కానీ మార్చిలో అడిగితే కార్యదర్శి ‘పద్దు లేదండి’ అంటారు, అందులో ఆయన తప్పేం లేదు. పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక కోసం గ్రామసభలు అక్టోబరు 2 నుంచి మొదలవుతాయి. కుక్కల ఆపరేషన్లు, టీకాలు అన్న పద్దు అప్పుడే రాయించాలి. అర్జీ రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద స్టాంపు వేయించుకుని దగ్గర పెట్టుకోవాలి.