మా పిల్లలకు పని రాదంటారా?

విశాఖ గాజువాకలో మా కాలనీ వాట్సాప్ గ్రూపులోకి ఈ వారం మూడుసార్లు ఒకటే మెసేజ్ వచ్చింది. "ఉద్యోగాలకు కొదవ లేదు. డిగ్రీ చదివినవాళ్ళలో సగం మంది ఎందుకూ పనికిరారు. నిరుద్యోగం 3.2 శాతమే. మన కుర్రాళ్ళు సోమరులు, ఊరు వదలరు." కింద వరసగా చప్పట్ల బొమ్మలు. నేను పదిహేనేళ్ళుగా ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ నేర్పుతున్నాను. ఆ చప్పట్లు కొట్టినవాళ్ళలో నా దగ్గర చదివిన పిల్లల నాన్నలు కూడా ఉన్నారు. అది చూశాక ఊరుకోబుద్ధి కాలేదు.

'సగం మంది పనికిరారు' అన్న లెక్క ఊరికే పుట్టింది కాదు. యువతలో 51.25 శాతం మందే ఉద్యోగానికి పనికొస్తారని 2023-24 ఆర్థిక సర్వేలో ఉంది. కానీ ఆ వెంటనే, పదేళ్ళలో ఈ శాతం దాదాపు 34 నుంచి 51.3కి పెరిగిందని కూడా ఉంది. మెసేజ్ రాసినాయన ఆ ముక్క వదిలేశాడు. కొరత నిజంగా పని వచ్చినవాళ్ళకే అయితే, కంపెనీలు జీతం పెంచి మరీ పిలుచుకోవాలి. రైతు బజారులో టమాటా తగ్గితే మర్నాడే రేటు పెరుగుతుంది కదా! ఐటీలో ఫ్రెషర్ ప్యాకేజీ పదేళ్ళకు పైగా మూడు, మూడున్నర లక్షల దగ్గరే ఆగిపోయింది. మధురవాడలో ఇంటి అద్దెలు అలా ఆగాయా?

పని రాదన్న మాట దగ్గరే నాకు ఎక్కువ బాధ. కిందటేడు నా బ్యాచ్‌లో ఒక కుర్రాడు ఇనప పలకను ఆకురాయితో ఎంత బాగా అరగదీశాడంటే, మూల సరిగ్గా ఉందో లేదో చూసే ట్రై స్క్వేర్ ఆనించి కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే సందులోంచి వెలుగు గీత కూడా కనబడలేదు. పరవాడ వైపు ఒక కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్ళొచ్చి, "రెండేళ్ళ ఎక్స్‌పీరియన్స్ ఉందా అన్నారు సార్. ఎవరో ఒకరు ముందు పనిస్తేనే కదా సార్" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మా వర్క్‌షాపుల్లో లోటు లేదని నేను అనను. కంప్యూటర్‌తో నడిచే ఒక్క సీఎన్‌సీ మెషీన్ చుట్టూ బ్యాచ్ మొత్తం నిలబడితే చెయ్యి పెట్టే వంతు ఎప్పుడో గాని రాదు. ఆ తప్పు మాది, పిల్లలది కాదు. అసలు పని చేతికి వచ్చేది ఉద్యోగంలో చేరాకే. అలా కంపెనీలోనే పని నేర్పించడానికి అప్రెంటిస్ చట్టం 1961 నుంచీ ఉంది. 30 మంది, అంతకు మించి పనిచేసే చోట రెండున్నర నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలన్నది నిబంధన. కాలం పూర్తయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలని మాత్రం లేదు. పని నేర్చిన పిల్లాడు ఇంటికొస్తాడు, వాడి చోట్లోకి కొత్త బ్యాచ్ వస్తుంది.

ఇక 3.2 శాతం. అది 2023-24 కేంద్ర సర్వేలో అన్ని వయసులవాళ్ళకూ కలిపి వేసిన అంకె. ఆ పద్ధతిలో ఏడాదికి 30 రోజులు ఏదో ఒక పని చేసినా ఉపాధి ఉన్నట్టే. నాన్న కిరాణా కొట్లో జీతం లేకుండా కూర్చున్నా అంతే. అదే సర్వేలో 15-29 ఏళ్ళవాళ్ళను విడిగా చూస్తే 10.2 శాతం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2022లో చదవడం రాయడం రాని యువతలో నిరుద్యోగం 3.4 శాతం, డిగ్రీ ఉన్నవాళ్ళలో 29.1 శాతం. పూట గడవనివాడు ఎంత కూలికైనా వెళ్ళక తప్పదు. అప్పు చేసి చదివించిన ఇంటి పిల్లాడు తగిన ఉద్యోగం కోసం ఆగుతాడు. దాన్ని సోమరితనం అనేవాళ్ళు ఒకసారి ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీకి వెళ్ళి, టిఫిన్ డబ్బా పక్కన పెట్టుకుని పుస్తకాల మీంచి తల ఎత్తని పిల్లల్ని చూడండి.

ఊరు వదలరన్న మాట ఉత్తరాంధ్రలో ఎలా అనగలిగారో! శ్రీకాకుళం మత్స్యకారులు వేట కోసం గుజరాత్‌లోని వెరావల్ దాకా పోతారు. 2018 నవంబరులో అలా వెళ్ళినవాళ్ళు పాకిస్తాన్‌కు చిక్కి, 2020 జనవరిలో గాని వాఘా సరిహద్దు దాటి రాలేదు. ఊరు వదలడం మనకు కొత్త కాదు, వదిలాక నిలబడడమే కష్టం. నేను చెప్పిన ఆ ఫిట్టర్ కుర్రాడే చెన్నై దగ్గర ఒక కంపెనీలో కాంట్రాక్టర్ కింద చేరాడు. జీతం 15,000. గదిలో వంతు 3,500, మెస్సుకి 4,500, బస్సూ ఫోనూ కలిపి 1,500. ఇంటికి పంపగలిగింది ఐదు వేలు. ఎనిమిది నెలలకు ఆర్డర్లు తగ్గాయని కాంట్రాక్టర్ రావద్దన్నాడు. ఇంటికొచ్చిన వారానికే మళ్ళీ సర్టిఫికెట్ల జిరాక్సులు తీయించుకుని నా దగ్గరికొచ్చాడు, ఈసారి హోసూరు వెళ్తానంటున్నాడు.