సూది ఒక్కటే కాదు, జావ కూడా: చైనా వైద్యంలో తిండి

అజీర్తి అని చైనా సంప్రదాయ వైద్యుడి దగ్గరకు వెళ్తే, మోకాలి చిప్పకు నాలుగు వేళ్ల కింద, కాలికి బయటి వైపున ఆయన ఆక్యుపంక్చర్ సూది పెడతాడు. ఆ చోటు పేరు జుసాన్లీ. సూది తీశాక మాట్లాడేదంతా తిండి గురించే. చల్లటివి, పచ్చివి మానెయ్యాలి, కొన్నాళ్లు వేడి వేడి బియ్యపు జావ తాగాలి, అందులో ఎండు రేగుపళ్లు వేసుకోవాలి. 'నీ ప్లీహం నీరసపడింది' అని కూడా అంటాడు. అది విని స్కానింగ్‌కు పరుగెత్తనక్కర్లేదు. వాళ్ల లెక్కలో ప్లీహం అంటే తిన్నదాన్ని ఒంటికి పట్టించే పని మొత్తం.

వేడి చేసేవి, చలవ చేసేవి అన్న విభజన మనకు కొత్త కాదు. పెసలు మనకూ చలవే, వాళ్లకూ చలవే. దాదాపు 1800 ఏళ్ల కిందటి జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు కాన్పయ్యాక వచ్చే కడుపునొప్పికి మేకమాంసం, అల్లం, డాంగ్‌గుయ్ అనే వేరు కలిపి సూప్ కాచి ఇమ్మన్నాడు. శొంఠి, వెల్లుల్లితో బాలింతకు పథ్యం పెట్టే మన ఇళ్లలో ఈ మాట ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది.

నాకు ఇందులో అందరికంటే గౌరవం కలిగించే మనిషి సున్ సిమియావ్. 652 ప్రాంతంలో ఆయన రాసిన వైద్య గ్రంథంలో ఆహార చికిత్సకు విడిగా చోటిచ్చాడు. రేచీకటికి జంతువుల కాలేయం తినమన్నాడు. గొంతు దగ్గర వాపు వస్తే గొర్రె థైరాయిడ్ గ్రంథిని వాడాడు. రేచీకటిని తగ్గించేది కాలేయంలోని విటమిన్ ఎ. ఆ మాట పుట్టడానికి పన్నెండు వందల ఏళ్ల ముందు సంగతి ఇది! అదే విటమిన్ లోపంతో పిల్లల చూపు పోకుండా ఆరు నెలలకోసారి పెద్ద మోతాదు ఇవ్వొచ్చని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనలు చూపాకే, 1970లో మన దేశంలో ఆ కార్యక్రమం మొదలైంది.

అయితే కాలేయం పనిచేసింది సిద్ధాంతం వల్ల కాదు. కంటికి మూలం కాలేయమని వాళ్ల శాస్త్రం చెప్పే మాట నిజమే. కానీ పులుపు కాలేయానికి చేరుతుందనీ అదే శాస్త్రం చెబుతుంది. అలాగని చింతపండు పులుసు తాగితే రేచీకటి పోదు. తిన్నవాళ్లకు చూపు వచ్చిందా లేదా అని చూసిన కళ్లకే ఆ ఘనత దక్కాలి. సూది విషయంలోనూ నేను ఇదే కొలత పెడతాను. ఆపరేషన్ తర్వాతి వాంతులకు మణికట్టు దగ్గరి సూది పనిచేస్తుందని 1997లో అమెరికా నిపుణుల బృందం ఒప్పుకుంది. దాన్ని పట్టుకుని అన్ని రోగాలకూ సూదే అంటే నేను ఒప్పుకోను.

తిండే కదా, ఏం కాదులే అనే ధైర్యం నన్ను ఇంకా భయపెడుతుంది. చైనా కషాయాల్లో తరచుగా పడే అతిమధురం ఎక్కువ రోజులు తీసుకుంటే పొటాషియం తగ్గుతుంది, బీపీ పెరుగుతుంది. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వేసుకునేవాళ్లు ఆ డాంగ్‌గుయ్ సూపే తాగితే రక్తస్రావం కావొచ్చు. కాబట్టి కషాయం మొదలుపెట్టే ముందు గుండె డాక్టరుకు ఆ మాట చెప్పాలి, సూది వైద్యుడికి మాత్రల చీటీ చూపించాలి.

ముందు తిండితో నయం చెయ్యాలన్న సున్ సిమియావ్ మాటను ఇవాళ చాలామంది ఉటంకిస్తారు. ఆయన వాక్యం అక్కడ మొదలవ్వలేదు, అక్కడ ఆగలేదు. మొదట రోగానికి మూలమేంటో తెలుసుకోమన్నాడు, ఆ తర్వాతే తిండి. దానితో తగ్గకపోతే మందు ఇవ్వమన్నాడు. షుగర్ మాత్రలు పక్కనపెట్టి జావ మీదే ఆధారపడమని చెప్పేవాళ్లు ఆ మొదటి మాటనూ చివరి మాటనూ వదిలేస్తున్నారు.