సరస్సుకు బలం ఎక్కువైతే

తెల్లవారుజామున చేపలు నీటిపైకి తేలి నోళ్లు తెరిచి గాలి కోసం కొట్టుకుంటుంటే, ఎవరో విషం కలిపారని అనుమానం వస్తుంది. చాలాసార్లు అది విషం కాదు, నీటికి తిండి ఎక్కువైందంతే. పొలాల నుంచి కొట్టుకొచ్చిన ఎరువు, మురుగులోని భాస్వరం, నత్రజనితో నాచు విపరీతంగా పెరుగుతుంది. పగలు ఆక్సిజన్ ఇచ్చే ఆ నాచే రాత్రంతా దాన్ని పీల్చుకుంటుంది. తెల్లారేసరికి చేపలకు మిగిలేది చాలా తక్కువ. చచ్చిన నాచు అడుగుకు చేరి కుళ్లితే, అక్కడున్న కాస్త ఆక్సిజన్‌నూ బ్యాక్టీరియా లాగేస్తుంది.

ఈ నాచుకు అసలు దోషి కార్బనా, భాస్వరమా అన్న వాదన ఒకప్పుడు గట్టిగానే నడిచింది. నేరం కార్బన్ మీదికి పోతే డిటర్జెంట్ తయారీదారులకు హాయి, ఎందుకంటే వాళ్ల పొడుల్లో ఉన్నది భాస్వరం. 1973లో కెనడాలోని ఒంటారియోలో శాస్త్రవేత్త డేవిడ్ షిండ్లర్ బృందం 226 నంబరు సరస్సును మధ్యలో తెర కట్టి రెండుగా విడదీసింది. ఒకవైపు కార్బన్, నత్రజని వేశారు. రెండోవైపు వాటితో పాటు భాస్వరం కూడా. భాస్వరం పడిన సగమే పచ్చగా మారింది. పైనుంచి తీసిన ఆ ఫొటో చూశాక వాదించడానికి పెద్దగా ఏం మిగల్లేదు.

అమెరికా, కెనడా సరిహద్దులోని ఈరీ సరస్సు కథ ఇంత తేలిగ్గా తేలలేదు. 1972లో రెండు దేశాలూ ఒప్పందం చేసుకుని మురుగు శుద్ధి మీద, డిటర్జెంట్ల మీద పడ్డాయి. సరస్సు కోలుకుంది కూడా. తర్వాత నాచు మళ్లీ వచ్చింది, ఈసారి ప్రధానంగా మౌమీ నది మోసుకొచ్చే పొలాల ఎరువుతో. 2014 ఆగస్టులో ఆ సరస్సు నీళ్లే తాగే అమెరికా నగరం టొలీడోలో సుమారు 4 లక్షల మందికి కుళాయి నీళ్లు తాగొద్దని చెప్పాల్సి వచ్చింది. ఆ నాచు నుంచి నీళ్లలో కలిసిన మైక్రోసిస్టిన్ అనే విషం కాచినా పోదు, నీరు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

మురుగు గొట్టానికైతే మూత పెట్టొచ్చు, వేల పొలాలకు ఎలా పెడతాం? అలాగని రైతును విలన్ చేయడం నాకు నచ్చదు, వానకు కొట్టుకుపోయేది అతని డబ్బే. భూసార పరీక్ష చేయించి అవసరమైనంతే వేయడం, వాన ముందు చల్లకపోవడం, కాలువ గట్టున గడ్డి పట్టీ వదలడం లాంటివాటికి ప్రభుత్వ సొమ్ము వెళ్లాలి. నాచు తోడే యంత్రాలకు, ఫౌంటెన్లకు వెళ్తోందంటే అది ఫొటోల ఖర్చు.

ఇంకో చిక్కు అడుగు బురదలో ఉంది. ఆక్సిజన్ ఉన్నంతసేపు అక్కడి ఇనుము భాస్వరాన్ని పట్టి ఉంచుతుంది. ఆక్సిజన్ అయిపోగానే వదిలేస్తుంది, నాచుకు మళ్లీ పండగే. అంటే పైనుంచి వచ్చేది ఈ ఏడాదే తగ్గించినా, నీటిలో తేడా కనిపించడానికి ఏళ్లు పట్టొచ్చు. ఈలోపు రెండు ఎన్నికలు వచ్చిపోతాయి.