పిట్ట కొంచెమే... మరి కూత?

(మానిటర్‌కు అటొకటి ఇటొకటి పిడికెడంత స్పీకర్లు. రికార్డు చేసిన గొంతులు వింటూ ఎడిట్ చేయడం అక్క పని. తమ్ముడికి పాటల పిచ్చి. ఇప్పుడే ఓ పాట పెట్టి విన్నాడు, మొహం చిట్లించాడు.)

తమ్ముడు: అక్కా, ఇవి స్పీకర్లా, అగ్గిపెట్టెలా?

అక్క: పిట్ట కొంచెం, కూత ఘనం. వినలేదా ఆ మాట?

తమ్ముడు: కూత సరే. ఆ పాటలో బాస్ గిటార్ ఉందని నాకు ముందే తెలుసు కాబట్టి సరిపోయింది. దాని లావు తీగ 41 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 41 ఊపులతో మోగుతుంది. శబ్దం పుట్టించే ఈ రెండున్నర అంగుళాల డ్రైవర్ అంత కిందికి దిగుతుందా?

అక్క: దిగదు. 100 హెర్ట్జ్ నుంచి 50కి వచ్చి అంతే గట్టిగా మోగాలంటే డ్రైవర్‌లో ముందుకూ వెనక్కీ కదిలే కోన్ నాలుగు రెట్లు ఎక్కువ దూరం ఊగాలి. ఇంత బుల్లి కోన్‌కు అంత చోటెక్కడిది? కానీ గిటార్ ఏ స్వరం పలికిందో నీకు తెలిసింది కదా?

తమ్ముడు: తెలిసింది. అదెలా?

అక్క: 41 రాకపోయినా, దానికి రెండు, మూడు, నాలుగు రెట్లయిన 82, 123, 164 వినపడితే చాలు. కింద ఉండాల్సిన 41ని మన మెదడే పూరించుకుంటుంది.

తమ్ముడు: బాగుంది! డబ్బు స్పీకర్‌కి, చాకిరీ నా బుర్రకి. అయినా స్వరం తెలియడం వేరు, డ్రమ్ము దెబ్బ గుండెకు తగలడం వేరు. ఆ దెబ్బ ఇందులో లేదు.

అక్క: లేదు, ఒప్పుకుంటా. చిన్న పెట్టె, లోతైన బాస్, తక్కువ కరెంటుకే ఎక్కువ మోత... ఈ మూడూ ఒకేచోట దొరకవు, రెండే ఎంచుకోవాలి. హాఫ్‌మన్ ఐరన్ లా అంటారు దీన్ని. చిన్న పెట్టెలో బాస్ కావాలంటే ఆంప్లిఫయర్ పవర్ కుమ్మరించాలి. ఇప్పటి చిన్న స్పీకర్లు చేస్తున్నది అదే.

తమ్ముడు: కుమ్మరిస్తే మరి ఇదేంటి? వాల్యూమ్ సగం వరకూ బాస్ బాగానే ఉంది. ముప్పావు దాటించాను, సన్నగా జారుకుంది. గొంతు పెరిగింది, డ్రమ్ము అక్కడే ఉండిపోయింది.

అక్క: లోపల శబ్దాన్ని సరిదిద్దే డీఎస్‌పీ చిప్ పని అది. తక్కువ వాల్యూమ్‌లో బాస్‌ని పెంచుతుంది, ఎక్కువైతే కోన్ దెబ్బతినకుండా వెనక్కి లాగుతుంది.

తమ్ముడు: అంటే షోరూమ్‌లో ఒక శబ్దం, ఇంట్లో ఇంకో శబ్దం. మోసం కాదూ?

అక్క: మోసం అనను. చిరిగిన కోన్ కంటే నయం. కాకపోతే కొనేవాళ్లు సగం వాల్యూమ్‌లో విని మురిసిపోకూడదు. తాము రోజూ పెట్టుకునే మోతలో వినాలి, ఆపైన కాస్త పెంచి వినాలి.

తమ్ముడు: సరే, వెనక ఆ చిల్లు దగ్గర చెయ్యి పెట్టు.

(అక్క వేలు పెట్టింది. డ్రమ్ము పడ్డప్పుడల్లా గాలి వేలికి తగులుతోంది, వెంట ఫుస్సు ఫుస్సు మని చప్పుడు.)

అక్క: ఇది మాత్రం తప్పే. గొట్టం మరీ సన్నగా పెట్టారు. అంచులు వెడల్పుగా, గుండ్రంగా ఉంటే ఇంత చప్పుడు ఉండదు. దీనికి వకాల్తా పుచ్చుకోను.

తమ్ముడు: పెట్టె మీదేమో 60 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ అని గొప్పగా అచ్చేశారు.

అక్క: పక్కన ప్లస్ ఆర్ మైనస్ 3 డెసిబెల్స్ అని, అంటే ఆ మేరలో మోత అంతకు మించి హెచ్చూ తగ్గూ కాదని ఉందా? లేకపోతే ఆ అంకె ఎందుకూ పనికిరాదు. 60 దగ్గర చీమ చప్పుడంత వచ్చినా వచ్చినట్టే రాసుకోవచ్చు. క్షణకాలపు గరిష్ఠం పేరుతో పెంచి రాసే పీఎంపీఓ వాట్లూ అంతే. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 5 వోల్టులు, 500 మిల్లీఆంపియర్లు. రెండున్నర వాట్లు. కేవలం దాని మీదే నడిచే స్పీకర్ వందల వాట్లు ఎక్కణ్ణుంచి తెస్తుంది?

తమ్ముడు: అంకెలు వదిలేయ్. నువ్వు ఎడిట్ చేసేది గొంతులే కదా, ఆ గొంతూ కుండలోంచి మాట్లాడుతున్నట్టే ఉంది.

అక్క: అది స్పీకర్ నేరం కాదు, బల్ల నేరం. ఆ రెండు రబ్బర్లు ఇటివ్వు.

(రెండు స్పీకర్ల ముందు అంచుల కిందా తలా ఒక రబ్బరు దూర్చింది. మొహాలు కాస్త పైకి లేచాయి. గోడ నుంచి జానెడు ముందుకు జరిపి, అదే గొంతు మళ్లీ పెట్టింది. "స", "శ" విడివిడిగా పలికాయి. చదివే ఆవిడ మధ్యలో ఊపిరి పీల్చిన చప్పుడు కూడా వినపడింది.)

తమ్ముడు: ...ఇందాక ఈ ఊపిరి లేదు.

అక్క: ఉంది, నీ దాకా రాలేదు. సన్నటి శబ్దాలు టార్చిలైటు వెలుగులా తిన్నగా పోతాయి, అవి ఇంతసేపూ నీ ఛాతీకి తగులుతున్నాయి. పైగా బల్లకు తగిలి ఎగిరిన శబ్దం రవ్వంత ఆలస్యంగా వచ్చి అసలు శబ్దంతో కలిసి కొన్ని ఫ్రీక్వెన్సీలను తినేస్తుంది. గోడ దగ్గరుంటే కింది శబ్దాలు ఉబ్బుతాయి. నీకు కుండలా వినపడింది అందుకే.

తమ్ముడు: నేను మంచం మీద పడుకుని వింటాను. అప్పుడో?

అక్క: అప్పుడు ఇవి నీకు పనికిరావు. దూరం రెట్టింపయితే ఆరుబయట 6 డెసిబెల్స్ తగ్గుతుంది, గదిలో కొంచెం తక్కువ. ఇవి చేయి చాపినంత దూరంలో కూర్చునేవాళ్ల కోసం.

తమ్ముడు: అలా కూర్చునేవాళ్ల కోసమే చేస్తే వాల్యూమ్ నాబ్ వెనకెందుకు పెట్టారు? ఫోన్ మోగితే తడుముకోవాలా? నల్లటి మెరుపు పూత, దాని నిండా నీ వేలిముద్రలు. రాత్రయితే ఆ నీలం లైటు కళ్లలో పొడుస్తుంది.

అక్క: లైటుకు నల్ల టేపు అంటించేశా.

తమ్ముడు: చూశావా, డిజైన్‌ని నువ్వు పూర్తి చేస్తున్నావు!

(కుడి స్పీకర్‌ని పక్కకు జరపబోయాడు. రెంటినీ కలిపే వైరు బిగుసుకుంది.)

అక్క: లాగకు, ఊడుతుంది. స్పీకర్ల మధ్య ఎడం, అక్కణ్ణుంచి తలకున్న దూరం ఒకటే ఉంటే బాగుంటుందని నాకూ తెలుసు. వైరు చాలట్లేదు.

తమ్ముడు: పిసినారి వైరు! పొడుగు వైరు నేను తెస్తాలే. దాంతో పాటు బాస్ మాత్రమే పలికే పెట్టె, ఒక సబ్‌వూఫర్ కూడా. 80 హెర్ట్జ్ కింద శబ్దం ఏ వైపు నుంచి వస్తోందో చెవి అంతగా పట్టలేదు. బల్ల కింద పడేసినా పర్లేదు.

అక్క: ఇంత చిన్న స్పీకర్లు 80 దాకా మోయలేవురా. 150 దగ్గరే సబ్‌వూఫర్‌కి అప్పగించాలి. అప్పుడు నేను ఎడిట్ చేసే మగ గొంతుల్లో అడుగు భాగమంతా నా కాళ్ల దగ్గర్నుంచి పలుకుతుంది.

తమ్ముడు: ...వైరు ఒక్కటే తెస్తా.