పరిహార వనీకరణ గారికి, ఒక చేబదులు విషయమై

మహారాజశ్రీ పరిహార వనీకరణ గారి దివ్య సముఖానికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గానీ, మొన్న ఆదివారం మిమ్మల్ని కళ్ళారా చూసి వచ్చాక మీ కుశలం అడగడానికి నోరు రావడం లేదు. ఎక్కడో ప్రాజెక్టు కోసం పోయిన అడవికి పరిహారంగా, మైలవరం దాటాక ఒక ఊరి చివర తమరు కొత్త అడవిగా వెలిశారని విని, చెట్ల కింద కాసేపు కూర్చుని రావచ్చునన్న ఆశతో ఇంటిల్లిపాదినీ వెంటబెట్టుకుని, పులిహోర కూడా కట్టించుకుని విజయవాడ నుంచి బయలుదేరాను. తీరా వెళితే అక్కడ నీడ ఉన్నది ఒక్కచోటే, తమరి పేరు రాసిన బోర్డు కింద. ఆ నీడ జరిగినకొద్దీ మేము నలుగురమూ జరుగుతూ పులిహోర తిన్నాము.

బోర్డు మీద నాటిన సంవత్సరం ఉంది, టేకు, నీలగిరి అని జాతుల పేర్లున్నాయి, మొక్కల సంఖ్య ఉంది. 'బతికినవి' అన్న గడి మాత్రం ఖాళీగా ఉంది. గుంతల వరసలు మాత్రం తాడు పట్టి తీసినట్టున్నాయని ఒప్పుకోవాలి. మూడో వరసలో ఒక టేకు మొక్కను నర్సరీ నల్ల సంచీతో సహా పాతిపెట్టారు.

కంచె అవతల మేకలు కాసుకుంటున్న పెద్దాయన మమ్మల్ని చూసి, "లెక్క రాసుకోటానికి వచ్చారా బాబుగారూ?" అని అడిగాడు. అడవి చూడటానికి వచ్చామంటే మా వంక జాలిగా చూశాడు. ఈ కంచె పడక ముందు అది ఊరి బీడు. ఊళ్ళో జీవాలన్నీ అక్కడే మేసేవట. ఇప్పుడు మేత కోసం చెరువు గట్టు దాకా తోలాలి. అంత దూరం నడవలేక ఆయన సగం మందను అమ్మేశాడు. అడవి పోయింది ఎక్కడో ఆయనకు తెలియదు, దానికి బదులు తన బీడు ఎందుకు పోయిందో అసలే తెలియదు.

నాకు మింగుడుపడనిది ఈ 'బదులు' అన్న మాటేనండీ. మా ఇళ్ళల్లో కాఫీపొడి చేబదులు తెచ్చుకుంటే, అదే గిన్నెతో, అదే ఇంటికి, ఒక చెంచా ఎక్కువే వేసి తిరిగి ఇస్తాము. తమరి పద్ధతి వేరు. ఒక ఇంట్లో గిన్నె ఖాళీ చేసి, ఇంకెవరి వంటింట్లోనో జొరబడి, అక్కడ ఊక పోసి, బాకీ తీరిందని రాసుకుంటారు. గ్రేట్ నికోబార్ దీవిలో 130 చదరపు కిలోమీటర్ల వర్షారణ్యాన్ని ప్రాజెక్టుకు మళ్ళించడానికి అనుమతి ఇచ్చి, దానికి బదులు మొక్కలను హర్యానాలో నాటుతామన్నారు. సముద్రపు ఒడ్డున ఆకులూ ఇసుకా గుట్టపోసి అందులో గుడ్లు పొదిగే నికోబార్ మెగాపోడ్ పక్షి ఇప్పుడు హర్యానాకు ఏ రైలెక్కాలి? అంత దూరమెందుకు, పోలవరం కిందనే 3,731 హెక్టార్ల అడవి మళ్ళింది. అక్కడి వెదురూ, అడ్డాకులూ, చీపురుపుల్లలూ నమ్ముకుని బతికిన కొండరెడ్ల చేతికి తమరి టేకు పుల్ల ఏ జిల్లాలో మొలిస్తే ఏమి ఒరుగుతుంది? అడవి పోగొట్టుకున్నవాడు ఒకడు, బీడు పోగొట్టుకున్నవాడు ఇంకొకడు. నష్టపోయిన ఇద్దరినీ కలిపి తమరి ఖాతాలో లాభమని ఎలా రాస్తారు?

తమరు పుట్టింది మంచి ఘడియలోనే, కాదనను. 1980 అటవీ సంరక్షణ చట్టం రాకముందు అడవి నరకడానికి ఢిల్లీని అడిగే అవసరమే లేదు. అడవికి బదులు అంతే అటవీయేతర భూమి ఇవ్వాలనీ, అది దొరకని చోట క్షీణించిన అడవిలో రెండింతల విస్తీర్ణంలో మొక్కలు పెంచాలనీ పెట్టిన షరతు కాగితం మీద సబబుగానే ఉంది. కానీ 2006 నుంచి 2012 దాకా రావలసిన 1,03,381 హెక్టార్ల అటవీయేతర భూమిలో వచ్చింది 28,086 హెక్టార్లేనని ప్రభుత్వ ఖాతాలు తనిఖీ చేసే కాగ్ లెక్క తేల్చింది. 2019లో ఈ వనీకరణ నిధి నుంచి రాష్ట్రాలకు ఒక్కసారే 47 వేల కోట్ల రూపాయలు పైగా పంచారు. ఉత్తరాఖండ్‌లో ఆ నిధితో ఐఫోన్లూ, ఫ్రిజ్‌లూ కొన్నారని మళ్ళీ కాగే చెప్పింది. ఫ్రిజ్‌లో పెడితే మొక్కలు వాడవు కాబోలు. ఇక పది శాతం పైన చెట్ల గొడుగు ఉన్న ఏ హెక్టారునైనా అటవీ విస్తీర్ణంలో కలిపేసే ఉపగ్రహం కంటికి మా నూజివీడు మామిడితోట కూడా అడవే.

ఇంకొక మాట. మైలవరం వెళ్ళే దారిలో కొండపల్లి తగులుతుంది కదా. అక్కడ బొమ్మలు చెక్కేవాళ్ళు చింతగింజల పొడీ, రంపపు పొట్టూ కలిపిన మక్కుతో బొమ్మకు చేతులు అతికిస్తారు, కానీ ఆ చేయి తెల్ల పొణికి కర్రతోనే చెక్కాలి. రాళ్ళ గుట్టల మీద పెరిగే చెట్టది. పొణికిని తమరి బోర్డు మీద ఎంత వెతికినా కనపడలేదు. బొమ్మలోళ్ళనూ, మేకలోళ్ళనూ అడిగి నాటితే ఏం పోయేది? అడగరు. అడిగితే ఆ బీడు మాదేనంటారని భయం. సిగ్గుండాలి.

క్షమించాలి, మర్యాద తప్పాను.

వచ్చేముందు మా అబ్బాయి మూడో వరసలోని ఆ టేకు మొక్కను పైకి తీసి, సంచీ చింపి, మళ్ళీ పాతాడు. రెండాకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి. మిగిలిన సీసాడు నీళ్ళూ దానికే పోశాము. ఖాళీగా ఉన్న ఆ గడిలో ఏదైనా రాయవలసి వస్తే, ప్రస్తుతానికి ఒకటి అని రాసుకోగలరు.

ఇట్లు,
తమరి బోర్డు నీడన భోంచేసిన విజయవాడ వాసి